పండగ బోనసులో పక్కవారి పాలు

ప్రశ్న: మేము గోదావరిఖనిలో ఉంటాము. మా వారు సింగరేణి భూగర్భ గనిలో పర్మినెంట్ కార్మికుడు. దసరాకు ముందు లాభాల వాటా కోతలు పోను 1,62,000 రూపాయలు ఖాతాలో పడింది. దీపావళి బోనసు 1,03,000 అని ప్రకటించారు కాబట్టి కోతలు పోను 88,000 వరకు వస్తుందని లెక్క వేసుకున్నాము. పండగ అడ్వాన్సు 25,000 ముట్టకుండా విడిగా ఉంచాను. కిందటి సంవత్సరం ఇలాగే వచ్చిన డబ్బు బట్టలకు, ఫోన్లకు, దావతులకు పోయి, సంక్రాంతి నాటికి క్రెడిట్ కార్డు మీద బతకవలసి వచ్చింది. ఆ బాకీ ఇంకా 38,000 ఉన్నది. ఈసారి బతుకమ్మ, దసరా ఖర్చును 40,000 దగ్గర ఆపాను. జనవరిలో మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు, హాస్టల్‌కు కలిపి 70,000 కట్టాలి. మా వారు దీపావళి ఆఫర్లో 85,000 పెట్టి పెద్ద టీవీ ‘నో కాస్ట్ ఈఎంఐ’ (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాలు) మీద తీసుకుందామంటున్నారు. నా మనసు మరో వైపు ఉంది. మా పక్కింట్లో ఉండే కాంట్రాక్టు కార్మికుడికి ఈ పండగకు వచ్చింది 5,500 మాత్రమే. ఆయన భార్య ఆపరేషన్ కోసం నూటికి అయిదు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి, ఏడాదిగా వడ్డీయే కడుతున్నారు. మా ఇంట్లో పని చేసే ఆమెకు నెలకు 2,500 ఇస్తాము. భర్త పోయిన మా ఆడబిడ్డ చేబదులుగా 30,000 అడిగింది. కొనడం తగ్గించి వీళ్లకు ఏదైనా చేద్దామంటే, మా వారు “తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం” అంటున్నారు. ఎంత ఇవ్వవచ్చు? ఎలా ఇవ్వాలి? అసలు ఇవ్వడం తెలివితక్కువ పనా?

జవాబు: అమ్మా, మీరు ఇవ్వవచ్చు. మీ లెక్కలు చూసిన తరువాత 25,000 రూపాయల వరకు ఇవ్వవచ్చునని, దానివల్ల మీ అమ్మాయి చదువుకు గాని, ఇంటి భద్రతకు గాని లోటు రాదని ధైర్యంగా చెప్పగలను. మీ వారు చెప్పిన సామెత కూడా నిజమే, దానిని నేను కొట్టిపారేయను. అయితే ఆ సామెత ఇచ్చేవాడి స్తోమతను కొలవమని చెబుతున్నది కనుక, అదే కొలతను టీవీకి కూడా పెట్టాలి. మీ ఇంట్లో ఈ దీపావళికి స్తోమతకు మించినది ఏదైనా ఉన్నదంటే అది 85,000 రూపాయల టీవీయే.

ముందు డబ్బును ఒకచోట కూర్చుదాము. లాభాల వాటా, బోనసు కలిపితే 2,50,000. దసరాకు అయిన 40,000 తీసివేస్తే 2,10,000 మిగులుతుంది. పండగ అడ్వాన్సును ఇందులో కలపలేదు, మీరు కూడా కలపవద్దు. అది రాబడి కాదు, రాబోయే జీతాల నుంచి వాయిదాలుగా కోసుకునే మీ సొంత డబ్బే. దానిని సేవింగ్స్ ఖాతాలో అలాగే ఉంచి, కోత పడిన ప్రతి నెలా ఆ మేరకు అందులోంచి తీసుకుంటే ఇంటి ఖర్చుకు ఒడిదుడుకు ఉండదు. దానిని ముట్టకుండా ఉంచడం మీరు ఇప్పటికే చేసిన మంచి పని, చాలా ఇళ్లలో అది దసరా నాటికే కరిగిపోతుంది.

ఇక 2,10,000లో మొదటి చెల్లింపు క్రెడిట్ కార్డుకు. నెలకు 3.5 శాతం చొప్పున చూసినా 38,000 మీద నెలకు 1,330 రూపాయల వడ్డీ పడుతుంది. ఏడాదికి అది 42 శాతం. ఆ బాకీ ఉండగా మీరు ఎవరికి ఏమి ఇచ్చినా, ఎక్కడ దాచినా, ఒక చేత్తో తోడి మరో చేత్తో పారబోసినట్లే అవుతుంది. కాబట్టి బోనసు కోసం కూడా ఆగకుండా, ఈ వారంలోనే మొత్తం కట్టివేయండి. కనీస మొత్తం కట్టి సరిపెట్టడం వద్దు. తరువాత అమ్మాయి ఫీజు 70,000 పక్కకు తీసి, జనవరి వరకు కంటికి కనిపించకుండా మూడు నెలల డిపాజిట్‌లో వేయండి. ఇక మిగిలేది 1,02,000. ఇందులో మీరు ఇవ్వదలచుకున్న 25,000 పక్కన పెట్టి, దీపావళికి 12,000 అనుకుంటే, చివరకు 65,000 ఉంటుంది. మీ ఇంటికి అత్యవసర నిధి అనేది ఇంతవరకు లేదు. అది లేనందువల్లనే నిరుడు సంక్రాంతికి కార్డు గీకవలసి వచ్చింది. అందుకని ఈ 65,000లో ఎక్కువ భాగం అందుకే పోవాలి.

నేను 25,000 అని చెప్పిన అంకెకు శాస్త్రం ఏమీ లేదు. అదనంగా వచ్చిన 2,50,000లో అది పదో వంతు. నెల జీతాన్ని తాకదు, పిల్ల చదువును తాకదు, వచ్చే సంవత్సరం లాభాల వాటా తక్కువ వచ్చినా అదే పదో వంతు లెక్కన తగ్గుతుంది కాబట్టి మాట తప్పవలసిన అవసరం రాదు. ఒక ఏడాది ఆవేశంలో 60,000 ఇచ్చి మరుసటి ఏడాది ముఖం చాటేసే దాతృత్వం కన్నా, ఏటా నిలబడే చిన్న మొత్తమే పుచ్చుకునేవారికి కూడా మేలు.

ఇప్పుడు టీవీ సంగతి. ఎనిమిది గంటలు భూమి లోపల పనిచేసి పైకి వచ్చే మనిషి, ఏడాదికి ఒకసారి వచ్చే డబ్బుతో తనకంటూ ఒక వస్తువు కావాలనుకోవడం తప్పు కాదు. ఆయన కోరికను సామెతతో పోల్చి ఓడించవద్దు, అంకెలు చూపించండి. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ రుసుము రూపంలో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. ఇప్పటి పద్ధతిలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకు కంపెనీయో దుకాణమో ధరలో తగ్గింపు చూపిస్తుంది. 85,000ను 12 నెలలకు సమానంగా పంచితే నెలకు 7,083 రూపాయలు. ఏడాదికి 15 శాతం లెక్కన అందులో దాగిన వడ్డీ దాదాపు 6,500, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 1,170. ఈ పన్నును మీరే కడతారు. ప్రాసెసింగ్ రుసుము, దాని మీద పన్ను వేరు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. రొక్కం ఇచ్చి కొనేవారు బేరమాడి తగ్గించుకోగలిగిన మొత్తాన్ని ఈఎంఐ తీసుకునేవారు అడగడం కూడా మరిచిపోతారు. మీ ఊరి లక్ష్మీనగర్‌లో ఏ దుకాణానికి వెళ్లినా ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: “ఇప్పుడే మొత్తం కడితే ఎంతకు ఇస్తారు?” 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ ఒక్క కారణంగానే ధర దాదాపు 7.8 శాతం తగ్గాలి. కాబట్టి బోర్డు మీద రాసిన ‘పండగ తగ్గింపు’లో ప్రభుత్వం వదులుకున్నది ఎంత, దుకాణం వదులుకున్నది ఎంత అని కూడా అడగవచ్చు.

అన్నిటికీ మించి, నెలకు 7,083 చొప్పున వచ్చే దీపావళి దాకా జీతంలో కోత పడుతుంటే, జనవరి తరువాత ఏ చిన్న జబ్బు వచ్చినా మళ్లీ కార్డే దిక్కు అవుతుంది. మీ వారికి టీవీ కావలసిందేనంటే, 28,000 లోపు 43 అంగుళాలది రొక్కానికి తీసుకోండి. అప్పుడు 65,000లో 37,000 మిగులుతుంది, అత్యవసర నిధి అక్కడ మొదలవుతుంది. ధనత్రయోదశికి తులం బంగారం అన్న మాట కూడా ఈ రోజుల్లో వినిపిస్తూనే ఉంటుంది. తులం లక్ష దాటిన సంవత్సరంలో తరుగు, మజూరీ, జీఎస్టీ అన్నీ కట్టి నగ చేయించుకోవడం మీ పరిస్థితిలో పొదుపు కిందికి రాదు, దాని మీద ఇంతకన్నా చెప్పనవసరం లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, ఎలా ఇవ్వాలన్నది. సింగరేణి 2024-25 లాభాల్లో 34 శాతం పంచినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు, కాంట్రాక్టు కార్మికుడికి 5,500 వచ్చాయి. ఆ తేడా న్యాయమా కాదా అన్నది యూనియన్లు, యాజమాన్యం, ప్రభుత్వం తేల్చవలసిన విషయం (నాకు అభిప్రాయం లేకపోలేదు, కాని ఈ శీర్షిక దానికి చోటు కాదు). మీ చేతిలో ఉన్నది ఒక్కటే, పక్కింటివారి మీద ఉన్న వడ్డీ బరువు. చాలామంది ఇలాంటి సందర్భంలో చీర, ప్యాంటు గుడ్డ, స్వీట్ల డబ్బా ఇచ్చి తృప్తి పడతారు. మంచి మనసుతోనే ఇస్తారు. కాని నూటికి అయిదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. 20,000 మీద నెలకు 1,000 చొప్పున ఏడాదిలో 12,000 కట్టి కూడా వారు అసలులో ఒక్క రూపాయి తీర్చలేదు. ఆ ఇంటికి కావలసింది వస్తువు కాదని ఆ అంకెలే చెబుతున్నాయి.

మీరు 15,000 రూపాయలు ఆ అసలుకు కడితే ఏమవుతుందో చూడండి. బాకీ 5,000కు దిగుతుంది, నెల వడ్డీ 1,000 నుంచి 250కి పడిపోతుంది. వారు ఇప్పటిలాగే నెలకు 1,000 కడుతూ పోతే, 250 వడ్డీకి పోను మొదటి నెలే 750 అసలుకు జమ అవుతుంది, తరువాతి నెల ఇంకా ఎక్కువ అవుతుంది, ఆరో నెలకు అప్పు తీరిపోతుంది. మొత్తం 20,000 మీరే కట్టనవసరం లేదు. చివరి భాగం వారి చేతుల మీదుగా తీరితే వారికి కూడా అది తమ అప్పు తాము తీర్చుకున్నట్లే ఉంటుంది. ఆ తరువాత ఏడాదికి 12,000 ఆ ఇంట్లోనే మిగులుతుంది. మీరిచ్చిన 15,000 ఇంత పని చేయగలిగిన చోటు మరొకటి నాకు తెలియదు.

అయితే ఇందులో కాగితం పని ఒకటి ఉన్నది, దానిని మొహమాటంతో వదిలేయవద్దు. అప్పు ఇచ్చినవారు ప్రాంసరీ నోటు రాయించుకునే ఉంటారు. 15,000 కట్టేటప్పుడు మీ పక్కింటాయనను ఆ నోటు బయటకు తీయించమనండి. నోటు వెనక తేదీ వేసి, ‘అసలు కింద రూ.15,000 చెల్లు’ అని రాయించి, అప్పు ఇచ్చిన మనిషి చేత సంతకం చేయించుకోవాలి. ‘అసలు కింద’ అన్న రెండు మాటలు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే పాత వడ్డీ కింద జమ కట్టుకున్నానని రేపు అనవచ్చు. ఏటీఎం కార్డును, పిన్ నంబరుతో సహా వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టే అలవాటు బొగ్గు గనుల ఊళ్లలో ఉన్నదే కాబట్టి, అటువంటిదేమైనా జరిగి ఉంటే అప్పు తీరిన రోజున కార్డు వెనక్కి తీసుకుని, పిన్ మార్చుకోమని చెప్పండి. మొత్తం తీరితే తప్ప అసలు ముట్టనని వ్యాపారి మొండికేస్తే, మిగిలిన 5,000ను మీ అత్యవసర నిధి నుంచి వారికి చేబదులుగా సర్దండి. వారు నెలకు 1,000 చొప్పున మీకు వడ్డీ లేకుండా అయిదు నెలల్లో తీర్చుకుంటారు.

ఈ డబ్బు ఇచ్చేటప్పుడు మాట ఎలా పడుతుందన్నది డబ్బుకంటె సున్నితమైన విషయం. నలుగురి ముందు, పండగ పూట, పళ్లెంలో పెట్టి ఇస్తే పుచ్చుకునేవాడి తల వంగుతుంది. మీ వారూ ఆయనా ఒకే షిఫ్టుకు వెళ్లి వచ్చేవారైతే, ఆ మాట మీ వారే ఆయనతో ఒంటరిగా మాట్లాడటం మేలు. “నువ్వు నాకు బాకీ పడవు, మా ఇంటి బోనసులో ఇది నీ పిల్లల పాలు” అన్నంత మాట చాలు. ఇలా ఇచ్చినది అప్పు కాదని స్పష్టంగా చెప్పాలి, చెప్పిన తరువాత ఎన్నడూ ఎత్తకూడదు. ఇందులో మరో లాభం కూడా ఉన్నది: ఇవ్వడానికి అడ్డు చెప్పిన మనిషి తానే ఇవ్వవలసి వచ్చినప్పుడు సామెతలు కొంచెం వెనక్కి తగ్గుతాయి.

మీ ఇంట్లో పని చేసే ఆమెకు ఒక నెల జీతం, అంటే 2,500, బోనసుగా ఇవ్వండి. ఇది దానం లెక్కలోకి రాకూడదని నా అభిప్రాయం, కాని మీ బడ్జెట్లో దీనికి వేరే చోటు లేదు గనుక 25,000లోనే చూపించాను. ఫ్యాక్టరీలకు చట్టం చెప్పే కనీస బోనసు 8.33 శాతం అంటే సరిగ్గా ఏడాది జీతంలో పన్నెండో వంతు, ఒక నెల జీతమే. ఇళ్లలో పనిచేసేవారికి ఆ చట్టం వర్తించదు కాబట్టి, ఇచ్చేవారే ఆ లెక్కను పాటించాలి. పాత చీర, మిగిలిన పిండివంటలు బోనసు కింద జమ కట్టకండి. వీధి ఊడ్చేవారికి, చెత్త బండి వారికి ఇచ్చే దసరా మామూలు తలా 500 చొప్పున నలుగురికి 2,000 అవుతుంది. దసరా దాటిపోయినా దీపావళి రాలేదు కదా.

మీరు అడగనిది ఒకటి చెబుతాను, ఎందుకంటే ఖర్చుతో పోలిస్తే ఇంత మేలు చేసే కానుక మరొకటి లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలు కడితే 18 నుంచి 70 ఏళ్లవారికి ప్రమాద మరణానికి 2 లక్షల బీమా ఉంటుంది. జీవన్ జ్యోతి బీమా యోజనకు ఏడాదికి 436 కడితే, ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఇందులో 18 నుంచి 50 ఏళ్లవారు చేరవచ్చు. బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది కనుక, సెప్టెంబరు నుంచి నవంబరు లోపు చేరేవారికి జీవన్ జ్యోతి మొదటి ప్రీమియం 342 రూపాయలే. పని చేసే ఆమె, పక్కింటి దంపతులు, ముగ్గురికీ రెండు పథకాలూ కలిపి 1,086 రూపాయలు అవుతుంది. ప్రీమియం వారి ఖాతాలోంచే కోస్తారు కాబట్టి, డబ్బు వారి ఖాతాలో వేసి, ఒక పూట వారితో పాటు బ్యాంకుకు వెళ్లి, ఫారంలో నామినీ పేరు సరిగా రాశారో లేదో చూడండి. నామినీ గడి ఖాళీగా వదిలిన ఫారం వల్ల తరువాత కుటుంబాలు తిరిగే తిరుగుడు చెప్పనలవి కాదు. ఇప్పటికే వేరే బ్యాంకులో చేరి ఉంటే రెండోసారి వద్దు, ఒక మనిషికి ఒక్క ఖాతా మీదే బీమా వర్తిస్తుంది. జీవన్ జ్యోతిలో చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప ఇతర కారణాలతో మరణిస్తే పరిహారం రాదన్న సంగతి కూడా వారికి చెప్పండి.

మీ ఆడబిడ్డ అడిగిన 30,000 మాత్రం అప్పుగా ఇవ్వవద్దు. ఆమె తీర్చగలిగిన స్థితిలో లేదని మీకు తెలుసు, ఆమెకూ తెలుసు. తీరని చేబదులు రెండేళ్లలో పుట్టింటికి రాకపోకలు తెంపేస్తుంది, వచ్చే బతుకమ్మకు ఆమె ముఖం చూపించలేక ఆగిపోతుంది. ఆమె పిల్లవాడి ఫీజుకో, పుస్తకాలకో 4,000 నేరుగా, తిరిగి ఇవ్వనక్కరలేదని చెప్పి ఇవ్వండి. మిగతాది మా వల్ల కాదని కూడా అదే రోజున చెప్పండి. ఆ మాట చెప్పడం కష్టమే, వాయిదా వేస్తే ఇంకా కష్టం. ఇంతవరకు చెప్పినవన్నీ కలిపితే 24,586 రూపాయలు అయింది.

పన్ను గురించి కొద్దిగా. మీ వారు కొత్త పన్ను విధానంలో ఉంటే విరాళాలకు మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్నా, మనిషికి నేరుగా చేసిన సహాయానికి, ఇచ్చిన బట్టలకు, బియ్యానికి మినహాయింపు రాదు. విరాళాల మినహాయింపుకు ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన డబ్బుకే వస్తుంది, అందులోనూ 2,000 దాటిన నగదు లెక్కలోకి రాదు. లాభాల వాటా మీద కోసిన పన్నును తిరిగి రప్పిస్తామని, ఇవ్వని విరాళాలకు రసీదులు పుట్టించే ఏజెంట్లు ఎవరైనా మీ వారిని కలిస్తే దూరంగా ఉండమనండి. తప్పుడు మినహాయింపులు చూపించే ఏజెంట్ల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జూలైలో దేశవ్యాప్తంగా సోదాలు చేసింది. రిఫండు వచ్చిన తరువాత కూడా నోటీసు రావచ్చు, అప్పుడు వడ్డీ, జరిమానా కట్టవలసింది మీ వారే.

చివరగా ఒక పని. బీమా పథకాలు ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి తామే డబ్బు తీసుకుంటాయి. ఖాతాలో ఆ రోజున సొమ్ము లేకపోతే బీమా ఆగిపోతుంది. వచ్చే సంవత్సరానికి ఒక్కొక్కరికి 456 చొప్పున ముగ్గురికి 1,368 కావాలి. నవంబరు నుంచి మే వరకు నెలకు 200 పక్కన పెడితే అది సమకూరుతుంది. మే 20 నాటికి ముగ్గురి ఖాతాల్లో ఆ డబ్బు వేసి, అదే రోజున పక్కింటివారి ప్రాంసరీ నోటు చేతికి వచ్చిందో లేదో కూడా అడిగి తెలుసుకోండి.